గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

ఇంటి కంప్యూటర్ మోతకు, వేడికి మందు చాలావరకు ఇంట్లోనే ఉంది

పల్నాడు జిల్లాలో దుమ్ముకు కొదవ లేదు. పత్తి తీతల కాలంలో నూగు, కల్లాల్లో మిరప ఎండేటప్పుడు ఘాటు ధూళి, పిడుగురాళ్ల వైపు సున్నపు పొడి, సిమెంటు ఫ్యాక్టరీల దారుల్లో బూడిదరంగు దుమ్ము. ఉదయం ఊడ్చిన ఇంట్లో సాయంత్రానికి కిటికీ రెక్క మీద వేలితో గీస్తే గీత పడుతుంది. ఈ దుమ్ము మనుషుల ఊపిరితిత్తుల్లోకే కాదు, ఇళ్లలోని కంప్యూటర్లలోకి కూడా చేరుతోంది.

పిల్లల చదువుకని, పోటీ పరీక్షల దరఖాస్తులకని, భూమి కాగితాలు చూసుకోవటానికని గ్రామాల్లో అనేక కుటుంబాలు కంప్యూటర్ కొనుక్కున్నాయి. కొన్న మూడు నాలుగేళ్లకు అది పిండిమర మాదిరి మోత మొదలుపెడుతుంది. ఎండలకు పేరుపడిన రెంటచింతల ప్రాంతంలో సరే, జిల్లాలో ఏ ఊళ్లోనైనా వేసవి వచ్చిందంటే నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. మోటారు సైకిలు వెనుక కట్టుకుని పట్నం తీసుకుపోతే ఎక్కువ సందర్భాల్లో వినిపించే మాట ఒక్కటే: "పాతదైపోయింది, కొత్తది తీసుకోండి." ఆ మాట నమ్మి పంట డబ్బులోంచి 30, 40 వేల రూపాయలు తీసి కొత్త పెట్టె తెచ్చుకునేవారు కొందరు. ఆ శక్తి లేక పాతదాని మీద గుడ్డ కప్పి మూలన పెట్టి, పిల్లల చదువును సెల్‌ఫోన్ మీదికి నెట్టేవారు మరికొందరు.

నిజానికి ఇలా మూలనపడిన పెట్టెల్లో చాలావాటికి వచ్చిన జబ్బు దుమ్ము. దానికి మందు ఒక స్టార్ స్క్రూడ్రైవర్, ఒక మెత్తటి బ్రష్, ఒక గంట ఓపిక. ఎలుకలు దూరాయని ఇంటికి నిప్పు పెట్టుకున్న సామెత కంప్యూటర్ల విషయంలో అక్షరాలా నిజమవుతున్నది. పంపుసెట్టు పట్టేస్తే విప్పేవారు, స్ప్రేయర్ వాషరు మార్చేవారు, ట్రాక్టరు ఎయిర్ ఫిల్టరు దులిపి బిగించేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అటువంటి ఊళ్లు ఒక రేకు పెట్టెకు భయపడటం విచిత్రం. అది చదువుకున్నవాళ్ల వస్తువు, ముట్టుకుంటే పాడవుతుంది అన్న భయమే దానికి కారణం. ఈ భయం పోవాలి.

మోత ఎక్కడిది?

అందరూ సీపీయూ అని పిలిచే పెట్టెలో అసలు పని చేసేది ప్రాసెసర్ అనే చిన్న బిళ్ల. పనిచేసేకొద్దీ అది వేడెక్కుతుంది. ఆ వేడిని లాగటానికి దానిమీద రెక్కలు రెక్కలుగా ఉండే లోహపు దిమ్మె, ఆ దిమ్మె మీద చిన్న ఫ్యాను ఉంటాయి. మోటారు సైకిలు ఇంజనుకు రెక్కలు ఎందుకు పోతపోస్తారో ఈ దిమ్మెకూ అందుకే ఉన్నాయి. రెక్కల సందుల్లో దుమ్ము, పత్తి నూగు చేరి కంబళిలా అట్టకడితే గాలి ఆడదు. వేడి పెరిగిందని గుర్తించిన యంత్రం ఫ్యానును మరింత వేగంగా తిప్పుతుంది. ఆ వేగమే మోత. వేడి అప్పటికీ దిగకపోతే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవటానికి పని నెమ్మదింపజేస్తుంది. ఇంట్లోవాళ్లు దాన్ని "స్లో అయింది" అంటారు. ఇంకా పెరిగితే, చాలా ప్రాసెసర్లకు 100 డిగ్రీల దరిదాపుల్లో, పెట్టె ఆగిపోతుంది.

అంటే మోత, నెమ్మది, ఆగిపోవటం మూడు వేరువేరు జబ్బులుగా కనిపించినా చాలాసార్లు వాటి మూలం ఒకటే. గదిలో 42 డిగ్రీలుంటే లోపలి ప్రాసెసర్ అంతకంటే చల్లగా ఉండటం ఏ ఫ్యానుతోనూ సాధ్యం కాదు. కాబట్టి పెట్టెను ఎక్కడ ఉంచారన్నది కూడా ముఖ్యమే. గోడకు ఆనించి, బల్ల కింద మూలకు నెట్టి, పైన గుడ్డ కప్పి నడిపితే కొత్త పెట్టె కూడా మొరాయిస్తుంది. గోడకు జానెడు ఎడం, నేలకు ఒక చెక్క పీట ఎత్తు ఉంటే చాలు. కప్పే గుడ్డ ఆపిన తర్వాతే వేయాలి. ఎయిర్ కూలర్ నీటి తుంపర దాని మీద పడకూడదు. ల్యాప్‌టాప్ అయితే పరుపు మీద, దుప్పటి మీద పెట్టి నడపరాదు. దాని గాలి రంధ్రాలు ఎక్కువగా అడుగునే ఉంటాయి.

విప్పే ముందు

మొదట స్విచ్చి కట్టివేసి ప్లగ్గు పూర్తిగా లాగివేయాలి. యూపీఎస్ నుంచి కూడా తీసివేయాలి. తర్వాత పెట్టె మీట ఒకసారి నొక్కి వదిలితే లోపల మిగిలిన కొద్దిపాటి కరెంటు ఖాళీ అవుతుంది. లోపలి పలకలను ముట్టుకునే ముందు పెట్టె లోహపు చట్రాన్ని చేత్తో తాకాలి. పాలిస్టరు బట్టల్లో పుట్టే చిటపట విద్యుత్తు మనిషికి తెలియకపోవచ్చు గానీ, సున్నితమైన చిప్పులకు అది చాలు. ఏ తీగ ఎక్కడ ఉందో సెల్‌ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు తికమక ఉండదు.

రెండు వస్తువుల జోలికి మాత్రం ఎవరూ పోకూడదు. ఒకటి, కరెంటు తీగ వచ్చి చేరే ఎస్ఎంపీఎస్ డబ్బా. ప్లగ్గు తీసిన తర్వాత కూడా దానిలోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండగలదు. బయటి జాలీ మీది దుమ్ము ఊదటం వరకే, దాన్ని విప్పరాదు. రెండోది, పాత డబ్బా మానిటర్. దాని లోపల వేల వోల్టుల విద్యుత్తు ఉంటుంది. ఇవి తెలిసిన మెకానిక్ పనులు.

మరొక ముఖ్య విషయం ఎర్తింగ్. పెట్టెను తాకితే వేళ్లకు జివ్వుమంటే అది కంప్యూటర్ తప్పు కాకపోవచ్చు. చాలాసార్లు ఆ ఇంటికి ఎర్తు లేకపోవటమే దానికి కారణం. మూడు పుల్లల ప్లగ్గులో ఒక పుల్ల విరిచి రెండు రంధ్రాల సాకెట్లో దూర్చే అలవాటు ప్రాణానికి ముప్పు. ముందుగా ఎలక్ట్రీషియన్‌తో ఎర్తు వేయించాలి. ఫ్యాను సంగతి ఆ తర్వాత.

దులపటంలోనూ ఒక పద్ధతి

పెట్టె ఎడమ పక్క రేకు విప్పితే చాలావరకు అంతా కనిపిస్తుంది. ఆ పని ఆరుబయట చేయటం మంచిది, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. మెత్తటి పెయింటు బ్రష్‌తో దుమ్మును వదులుచేసి, చేతి బ్లోయరుతో గాని, సైకిలు పంపుతో గాని ఊదాలి. పంక్చరు షాపులోని గాలి గొట్టం పనికిరాదు. ఆ ఒత్తిడికి చిన్న భాగాలు ఊడవచ్చు. పైగా ఆ గాలిలో నీటి చెమ్మ, నూనె ఉంటాయి. తడిగుడ్డ అసలే పనికిరాదు.

ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితోనో, చీపురు పుల్లతోనో ఆపి పట్టుకోవాలి. పిల్లలకు అది గిరగిర తిరుగుతుంటే సరదాగా ఉంటుంది గాని, ఆ వేగానికి దాని బేరింగు పాడవుతుంది. బల్లి గుడ్లు, చీమల మట్టి, ఎలుక కొరికిన తీగలు కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. వెనుక ఊడిపోయిన రేకు పట్టీల స్థానంలో మళ్లీ పట్టీలు బిగిస్తే బల్లుల రాక ఆగుతుంది. కొరికిన తీగ కనిపిస్తే మాత్రం దాన్ని మార్పించేదాకా పెట్టెకు కరెంటు ఇవ్వకూడదు.

పత్తి తీతలు ముగిశాక ఒకసారి, మిర్చి కల్లాలు ఎత్తాక ఒకసారి, ఏడాదికి రెండుసార్లు ఈ పని చేస్తే చాలు. సంక్రాంతికి ఇల్లు దులిపే ఆనవాయితీ ఎలాగూ ఉంది. అదే రోజు ఈ పెట్టెనూ దులిపితే సరిపోతుంది.

ఎండిపోయిన లేపనం

దులిపినా వేడి తగ్గకపోతే రెండో అనుమానం థర్మల్ పేస్ట్ మీద పెట్టుకోవాలి. ప్రాసెసర్‌కూ లోహపు దిమ్మెకూ మధ్య పూసే లేపనం ఇది. రెండు లోహపు ముఖాలు ఎంత నున్నగా కనిపించినా వాటి మధ్య కంటికి కనిపించని సందులు ఉంటాయి. సందుల్లోని గాలి వేడిని సరిగా పోనీయదు. ఆ సందులు పూడ్చటమే లేపనం పని. కొన్నేళ్లకు అది ఎండి సుద్దలా పగులుతుంది.

మార్చటం కష్టమేమీ కాదు. విప్పే ముందు కంప్యూటర్‌ను ఐదారు నిమిషాలు నడిపి ఆపితే లేపనం కొంచెం మెత్తబడుతుంది. దిమ్మెను నేరుగా పైకి గుంజకుండా నెమ్మదిగా అటూ ఇటూ తిప్పి వదులుచేసి తీయాలి. కొన్ని రకాల్లో, ముఖ్యంగా ఏఎండీ ప్రాసెసర్లలో, గుంజితే ప్రాసెసర్ కూడా దానితోపాటు ఊడివచ్చి సన్నని పిన్నులు వంగుతాయి. పాత లేపనాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి గుడ్డతో తుడవాలి. కొత్తది బఠాణీ గింజంత మధ్యలో పెడితే చాలు. దిమ్మె ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. గోడకు సున్నం కొట్టినట్లు ఎక్కువ పూస్తే లాభం లేదు. దిమ్మె బిగించేటప్పుడు ఒక మూల తర్వాత దాని ఎదురు మూల బిగించాలి, ట్రాక్టరు చక్రం బోల్టులు బిగించినట్లే. చిన్న లేపనం గొట్టం కొన్ని వందల రూపాయల లోపే దొరుకుతుంది, ఇరుగుపొరుగు నాలుగు పెట్టెలకు సరిపోతుంది.

అయినా మోత తగ్గకపోతే

ఫ్యాను తిరిగేటప్పుడు కీచుమంటే బేరింగు ఎండిందని అర్థం. చాలా చిన్న ఫ్యాన్లకు నడిబొడ్డున కాగితపు బిళ్ల ఉంటుంది. దాన్ని కొంచెం ఎత్తి ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేస్తే కొంతకాలం నిశ్శబ్దంగా నడుస్తుంది. కొబ్బరినూనె వేయరాదు, చలికాలంలో అది గడ్డకడుతుంది. నూనెకూ లొంగకపోతే ఫ్యాను మార్చటమే మేలు. అదీ కొన్ని వందల రూపాయల పనే.

మార్చేటప్పుడు ఒక సూత్రం గుర్తుంచుకోవాలి. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగినా, చిన్న ఫ్యాను గింగిరాలు తిరిగితే వచ్చేంత గాలి ఇస్తుంది. 80 మిల్లీమీటర్ల ఫ్యాను కంటే 120 మిల్లీమీటర్ల ఫ్యాను వైశాల్యం రెండింతలకు పైనే. అందువల్ల పెట్టెలో చోటుంటే పెద్దదే వేయాలి. వేగం కొద్దిగా తగ్గినా మోత బాగా తగ్గుతుంది. ముందు వైపు ఫ్యాను గాలిని లోపలికి లాగాలి, వెనుక వైపుది బయటికి నెట్టాలి. చాలా ఫ్యాన్ల అంచున గాలి ఎటు పోతుందో చూపే బాణం గుర్తు ఉంటుంది. రెండూ ఎదురెదురుగా ఊదుతుంటే వేడి గాలి లోపలే తిరుగుతుంది.

పైసా ఖర్చు లేని ఉపాయాలూ ఉన్నాయి. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు డిలీట్ గాని, ఎఫ్2 గాని నొక్కితే వచ్చే బయాస్ తెరలో చాలా పెట్టెలకు ఫ్యాను వేగం సర్దుబాటు ఉంటుంది. విండోస్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి తగ్గిస్తే అది అదనపు వేగం అందుకోకుండా ఆగుతుంది. చాలా యంత్రాల్లో దీనితోనే వేడి, మోత దిగుతాయి. దరఖాస్తులు నింపటానికి, పాఠాలు వినటానికి ఆ అదనపు వేగం అవసరం లేదు.

మోటారు శబ్దం విని దాని జబ్బు చెప్పగల రైతుకు ఇక్కడా చెవే సాయపడుతుంది. బర్రుమంటే ఏదో తీగ రెక్కకు తగులుతున్నట్లు. రేకు అదిరితే స్క్రూ వదులైనట్లు. ఆగి ఆగి టక్ టక్ మంటే అది హార్డ్ డిస్కు, అది ఏ క్షణాన్నైనా పోవచ్చు. వెంటనే పిల్లల సర్టిఫికెట్లు, ఫొటోలు వేరేచోటికి ఎక్కించుకోవాలి. ప్రతిరోజూ తేదీ ఏదో పాత సంవత్సరానికి వెళ్లిపోయి, వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయినట్లు. సీఆర్ 2032 అనే ఆ బిళ్ల గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది. దానికోసం పెట్టె మొత్తం మార్చమని ఎవరైనా చెబితే ఆ మాట నమ్మనవసరం లేదు.

పాత ఆటలూ చదువే

మూలనపడిన కంప్యూటర్‌ను మళ్లీ నిలబెట్టాక పెద్దలకు గుర్తొచ్చేది చదువుకునే రోజుల్లో కంప్యూటర్ సెంటర్లలో ఆడిన ఆటలు. డేవ్, 1989లో జోర్డన్ మెక్‌నర్ తయారుచేసిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా, 1993 నాటి డూమ్. అవి ఇప్పటి పెట్టెల్లో తెరిస్తే తెరుచుకోవు. అది ఆట పాడైనందువల్ల కాదు. అవి డాస్ కాలపు ప్రోగ్రాములు. ఇప్పటి 64 బిట్ విండోస్ వాటిని నేరుగా నడపలేదు. మరికొన్ని ఆటలు అప్పటి ప్రాసెసర్ వేగాన్నే గడియారంగా వాడుకున్నాయి. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ వేగం 4.77 మెగాహెర్ట్జ్. ఇప్పటివి వేల మెగాహెర్ట్జ్‌లో నడుస్తాయి. అలాంటి ఆటను యథాతథంగా నడిపితే బొమ్మ కంటికి ఆనకుండా పరుగెడుతుంది. ఆ కాలపు పెట్టెల మీద టర్బో అనే మీట ఉండేది. పాత ప్రోగ్రాముల కోసం వేగం తగ్గించటానికే అది ఎక్కువగా ఉపయోగపడేది.

ఇప్పుడు ఆ మీట పనిని డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము చేస్తుంది. కొత్త పెట్టెలోనే ఒక పాత పెట్టెను సృష్టించి, ఆటను అందులో నడుపుతుంది. ఆట ఉన్న ఫోల్డరును మౌంట్ అనే ఆజ్ఞతో దానికి చూపించి, ఆట పేరు కొడితే సరి. బొమ్మ మరీ వేగంగా కదిలితే కంట్రోల్ ఎఫ్11తో తగ్గించవచ్చు, నెమ్మదిగా ఉంటే కంట్రోల్ ఎఫ్12తో పెంచవచ్చు. ఆల్ట్ ఎంటర్ నొక్కితే ఆట తెర నిండా వస్తుంది. మౌస్ ఆటలో చిక్కుకుంటే కంట్రోల్ ఎఫ్10 విడిపిస్తుంది. విండోస్ ఎక్స్‌పీ నాటి ఆటలకు ఫైలు మీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీలో పాత విండోస్‌ను ఎంచుకుంటే చాలా ఆటలు కదులుతాయి. కొన్ని సీడీ ఆటలు మాత్రం అప్పటి దొంగకాపీ నిరోధక పద్ధతి వల్ల విండోస్ 10 నుంచి పనిచేయటం లేదు.

పొలంలో పనులుండగా పాత ఆటల గొడవ ఎందుకని పెద్దలు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే సెల్‌ఫోన్ ఆటలో పిల్లవాడు వేలు ఆడించటం తప్ప నేర్చేదేమీ ఉండదు. పాత ఆటను నడిపించాలంటే ఫోల్డరు అంటే ఏమిటో, ఆజ్ఞ ఎలా ఇవ్వాలో, ప్రాసెసర్ వేగం అంటే ఏమిటో తెలుసుకోక తప్పదు. పైసా ఫీజు లేకుండా కంప్యూటర్ పాఠం అది. పైగా ఈ తెలివి ఆటతో ఆగదు. మండల కేంద్రాల్లోని డీటీపీ సెంటర్లలో పాత తెలుగు ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో చేసిన పెళ్లి పత్రికలు, కరపత్రాల ఫైళ్లు తెరుచుకోక అవస్థ పడేవారికీ ఇదే తెలివి అక్కరకొస్తుంది.

ఒక్క హెచ్చరిక అవసరం. ఉచితంగా ఇస్తామని ఊరించే ముక్కూ మొహం తెలియని వెబ్‌సైట్ల నుంచి ఆటలు దించుకుంటే వాటితోపాటు వైరస్‌లు వస్తాయి. ఇంట్లో బ్యాంకు పనులు చేసే కంప్యూటర్ మీద ఆ ప్రయోగాలు పనికిరావు. తయారుచేసినవారే ఉచితంగా వదిలిన పాత ఆటలు ఉన్నాయి. బినీత్ ఎ స్టీల్ స్కై అనే 1994 నాటి ఆట అటువంటిదే, అది స్కమ్‌విఎమ్ అనే ఉచిత ప్రోగ్రాములో నడుస్తుంది.

గడువు తీరిందన్న భయం

పాత పెట్టెల మీద పడిన మరో దెబ్బ విండోస్ 10 గడువు. మైక్రోసాఫ్ట్ సంస్థ దానికి సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14తో నిలిపివేసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, తమ జాబితాలోని ప్రాసెసరు ఉండాలని షరతు పెట్టింది. ఇంటెల్ రకాల్లో దాదాపు 8వ తరం కంటే ముందువన్నీ దీనితో పక్కకు పోయాయి. కంపెనీ మద్దతు ఆపినంత మాత్రాన యంత్రం చచ్చిపోయినట్లు కాదు. కానీ రక్షణ లేని విండోస్‌తో ఇంటర్నెట్‌లో బ్యాంకు లావాదేవీలు చేయటం తలుపు తీసిపెట్టి ఊరికి వెళ్లటం వంటిది. ఇది కూడా అంతే నిజం.

దీనికి మందు లైనక్స్. ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన ఈ వ్యవస్థకు లైసెన్సు డబ్బు కట్టనక్కర్లేదు. అందులో ఒక రకమైన లైనక్స్ మింట్ 4 జీబీ ర్యామ్ ఉన్న పెట్టెలో సాఫీగా నడుస్తుంది. పాత హార్డ్ డిస్కు స్థానంలో ఎస్ఎస్‌డీ వేస్తే తిరిగే పళ్లెం లేదు గనుక ఆ మోతా పోతుంది, పెట్టె చురుకూ పెరుగుతుంది. విండోస్ ప్రోగ్రాములు కొన్నింటిని వైన్ అనే ప్రోగ్రాము లైనక్స్‌లోనే నడుపుతుంది. డాస్‌బాక్స్ కూడా ఉంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టమ్ తీసుకువచ్చింది. తెర మీద మాట తెలుగులో ఉంటే ఇంట్లో అమ్మమ్మ కూడా మౌస్ పట్టుకోగలదు. అయితే మార్చేముందు ఉన్న ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి ఎక్కించుకోవటం మరువరాదు.

ఎవరు పూనుకోవాలి?

మరమ్మతు దుకాణాల పొట్ట కొట్టాలని ఇక్కడ ఎవరి ఉద్దేశమూ కాదు. నిజాయితీగా బాగుచేసే మెకానిక్‌కు ఎస్ఎంపీఎస్‌లు, మదర్‌బోర్డులు, తెరలు బోలెడు పని ఇస్తాయి. చూడకుండానే "అయిపోయింది" అనే ధోరణి మీదే అభ్యంతరం. ఇంటివారికి లోపల ఏముందో తెలిస్తే ఆ మాట అనటానికి ఎవరైనా జంకుతారు. పెట్టె ఇచ్చేటప్పుడు లోపలి ఫొటో తీసుకుని, ఏ భాగం పోయిందో చూపించమని అడగటం కొనుగోలుదారు హక్కు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ ప్రారంభించింది. అందులో సెల్‌ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులతోపాటు వ్యవసాయ పరికరాలను కూడా చేర్చారు. ట్రాక్టరుకూ కంప్యూటరుకూ న్యాయం ఒకటేనని ప్రభుత్వమే ఒప్పుకున్నట్లయింది.

పాఠశాలల్లో, గ్రంథాలయాల్లో ఎక్కడైనా కంప్యూటర్లు పనిచేయకుండా పడి ఉంటే వాటిని లెక్క తేల్చి రద్దు చేసే ముందు ఒక్కసారి విప్పి చూడాలి. నాలుగు చెడిన పెట్టెల నుంచి రెండు మంచివి తయారుకావటం అరుదేమీ కాదు. ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులను సెలవు రోజుల్లో గ్రామాలకు పంపి, పంచాయతీ ఆవరణలో బల్ల వేసి ఊరి కంప్యూటర్లను ఊరివారి ముందే విప్పించి దులిపించవచ్చు. విద్యార్థులకు పని వస్తుంది, ఊరికి భయం పోతుంది. దీనికి పెద్ద నిధులు అవసరం లేదు. ప్రధానోపాధ్యాయులు, సర్పంచులు, కళాశాలల ప్రిన్సిపాళ్లు మనసు పెడితే చాలు. ఆ బల్ల చుట్టూ ఆడపిల్లలను కూడా నిలబెట్టాలి. ఇంట్లో కంప్యూటర్ పాడైతే ముందుగా చదువు ఆగేది తరచుగా వాళ్లదే.

నిజంగానే బాగుపడని పెట్టెను ఏం చేయాలన్నది చివరి ప్రశ్న. తూకానికి అమ్మితే చివరకు తీగల్లోని రాగి కోసం ఎక్కడో చెరువు గట్టున దాన్ని తగలబెడతారు. ఆ పొగ విషం. పాత పలకల టంకంలో ఉండే సీసం నేలలోకి, నీటిలోకి దిగుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఇ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని నమోదైన రీసైక్లింగ్ సంస్థలకే చేర్చాలి. భోగి మంటలో పాత చీపుర్లు, విరిగిన తట్టలు వేయటం ఆచారమే గాని, పాత కీబోర్డులు, వైర్లు వేయటం ఆచారం కాదు.

పశువుకు జబ్బు చేస్తే కబేళాకు తోలే ముందు డాక్టరుకు చూపించటం ఈ జిల్లా రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కంప్యూటర్ విషయంలోనూ అదే నీతి. కొత్తది కొనేముందు పాతది ఒకసారి విప్పి చూడాలి. లోపల కనిపించేది గుప్పెడు పత్తి నూగే అయితే, మిగిలే 30 వేలతో పిల్లల ఏడాది పుస్తకాలు, ఫీజులు చాలావరకు గడుస్తాయి.